చూచి వ్రాయుట: బెల్లీని చిత్రించిన పచ్చికబయలి మరియమాత

పరీక్షాశాలలో ప్రక్కవాని కాగితము చూచి వ్రాయుట తప్పని మన పాఠశాలలో చిన్న తరగతి పిల్లవాడు సైతము ఎఱుగును. అట్టిచో చిత్రలేఖనపు గంటలో ఉపాధ్యాయుడే యొక పటమును బల్లపై నిలిపి, "దీనిని చూచి వ్రాయుడు" అని చెప్పుట యెట్లు పొసగునని కొందఱు తలిదండ్రులు మమ్ము నడుగుచుందురు. ప్రశ్న సమంజసమైనదే. పరీక్షలో చూచి వ్రాయువాడు తాను చూచిన సంగతిని దాచును; వాని చేయి పనిచేయును గాని బుద్ధి నిద్రించును. పటమును చూచి వ్రాయువాడు మూలము నెల్లరియెదుట నుంచుకొనును. వాని బుద్ధి యొక్క నిమిషము నిద్రించినను చేయి తప్పిపోవును. ఎట్లు తప్పునో, ఆ తప్పు వలన నేమి తెలియునో యీ వ్యాసములో చెప్పదలచితిమి. దానికై యొక్క చిత్రమునే తీసికొనుచున్నాము. పది చిత్రములను పైపైన చూచుటకంటె నొక దానియొద్ద పది దినములు కూర్చుండుట మేలని మా యభిప్రాయము.

ఇటలీదేశపు పూర్వ చిత్రకారులకు పాఠశాలలు లేవు, పనిశాలలు మాత్రము కలవు. బాలుడు గురువు నింట చేరి, తుడుచుట, నూఱుట మొదలుకొని నేర్చుకొనెడివాడు. సుమారు 1400 ప్రాంతమున చెన్నీనో చెన్నీని యను చిత్రకారుడు తన వృత్తిని గూర్చి వ్రాసిన గ్రంథములో ఈ క్రమమును వివరించియున్నాడు. మొదట నొక సంవత్సరము చిన్న పలకపై రేఖలు గీయుట. పిమ్మట నాఱేండ్లు రంగులు నూఱుట, జిగురు కాచుట, పలకలకు సున్నపుపూత వేయుట, బంగారపు రేకు నతుకుట. ఆ పిమ్మట మఱి యాఱేండ్లు రంగులు వేయుట. ఇంతకాలమును సెలవు దినములలో గూడ గీయుట మానరాదట. వారమున కొక డ్రాయింగు గంట చాలదని మేము పాఠశాల యధికారులతో మనవి చేసికొనునపుడు ఈ గ్రంథము మాకు సాక్ష్యముగా నుపయోగించుచున్నది. ఇంకొక హితవును ఆయన చెప్పెను: గురువులలో నుత్తముని నొక్కని నెన్నుకొని, వానినే ప్రతిదినము చూచి వ్రాయవలయును, నేడొకని, రేపొకని వెంబడించువానికి ఏ పద్ధతియు చేతికి రాదు.

మైకెలాంజెలో బాల్యమునుగూర్చి చరిత్రకారుడైన వసారి యొక ముచ్చట వ్రాసియున్నాడు. జర్మనీ దేశస్థుడైన మార్టిన్ షోన్‌గౌవర్ చెక్కిన అచ్చుపటము నొకదానిని ఆ బాలుడు చూచి వ్రాసెను. పరిశుద్ధ ఆంతోనిని దయ్యములు గాలిలోనికెత్తి హింసించుట అందలి విషయము. ఆ దయ్యములలో గొన్నిటికి చేపపొలుసులున్నవి. అచ్చుపటములో రంగులు లేవు గదా. అందుచే బాలుడు విచిత్రమైన పొలుసులుగల చేపలను కొని తెచ్చి, వాటిని చూచి దయ్యములకు రంగులు వేసెనట. మా దృష్టిలో చూచి వ్రాయుటయందలి యావత్తు రహస్యమును ఆ చేపలలోనే యున్నది. మూలము చెప్పినంతవరకు మూలమును నమ్మెను. అది మాటలాడనిచోట సృష్టిని చూడబోయెను.

ఇది విదేశముల మాట, మన బాలుర కిది యెట్లు చెల్లునని యనువారుందురు. వారికి మేము చూపదగిన సాక్షి యొకడు గలడు. 1580లో యేసుసభ గురువులు ఫతేపూర్ సిక్రీకి వచ్చి అక్బరు చక్రవర్తికి చిత్రములతో గూడిన బైబిలును కానుకగా నిచ్చిరి. అప్పటినుండి ఐరోపా అచ్చుపటములు మొగలుల చిత్రశాలలో ప్రవేశించెను. అక్బరు కుమారుడు సలీము, అనగా పిదప జహంగీరను పేర రాజ్యమేలినవాడు, కొలువులో నుంచుకొనిన చిత్రకారుని కుమారుడు అబుల్ హసన్. ఈతడు తన పదుమూడవ యేట, 1600-01 ప్రాంతమున, డ్యూరర్ 1511లో చెక్కిన సిలువ పటమును ముందుంచుకొని, అందలి అపొస్తలుడైన యోహానును మాత్రము వేఱుచేసి చిత్రించెను. ఆ చిత్ర మిప్పటికిని ఆక్స్‌ఫర్డులోని ఆష్మోలియన్ మ్యూజియములో నున్నది. మన తొమ్మిదవ తరగతి విద్యార్థికంటె చిన్నవాడు! డ్యూరర్ ఉలిగీతలతో చూపిన మడతలను ఈ బాలుడు సన్నని కుంచెతో గుండ్రనను దెచ్చి చూపెను. దుఃఖముచే చేతులు బిగించి పైకి చూచుచున్న ఆ శిష్యుని భావమును చెదరనీయలేదు. కాలక్రమమున జహంగీరు ఇతనికి "నాదిరుజ్జమాన్", అనగా యుగమునకు అపూర్వుడు, అను బిరుదము నొసగెను. సిలువ కథ తనది కాని బాలుడు సయితము ఆ చిత్రమునుండి అంత గ్రహింపగలిగెను.

ఇక మా పాఠమునకు వత్తము. మేమెన్నుకొనినది వెనీసు నగరవాసియగు జొవాన్నీ బెల్లీని సుమారు 1500 ప్రాంతమున వ్రాసిన "పచ్చికబయలి మరియమాత". ఇది లండనులోని నేషనల్ గ్యాలరీలో నున్నది. పెద్దదికాదు, ఎత్తు మూడింట రెండువంతుల మీటరు, వెడల్పు అంతకు గొంచెము ఎక్కువ. మన తరగతిలోని నల్లబల్లపై మూల నొక చోట అమరును.

మరియ సింహాసనముపై గాక నేలపై, ఆరుబయట కూర్చుండియున్నది. తలపై తెల్లని ముసుగు, దాని మీదుగా నీలిరంగు పైవస్త్రము. ఒడిలో బాలయేసు దిగంబరుడై గాఢనిద్రలో నున్నాడు. తల్లి రెండు చేతులును శిశువునకు పైగా జోడించి, కన్నులు వాల్చి ప్రార్థించుచున్నది. వెనుక పొలములు, ఆవులు, వాటిని కాయువారు, దూరమున గోడలుగల పట్టణము, ఆవల కొండలు, వెలుగుచున్న యాకాశము. ఎడమప్రక్కను చూడుడు: తెల్లని పక్షియొకటి పాముతో పోరాడుచున్నది, ఆకులులేని చెట్టుపై నల్లని పెద్దపక్షి యొకటి వ్రాలియున్నది. చిత్రమును మొదటిసారి చూచువారిలో చాలమందికి ఈ పక్షులు కానరావు. చూచి వ్రాయువానికి కానరాక తప్పదు. వాటిని గీయవలయును గదా!

చిత్రకారునిగూర్చి కొంచెము. తండ్రి జాకొపో, అన్నదమ్ములలో నొకడైన జెంతీలే, చెల్లెలిని పెండ్లాడిన మాంతెన్యా అందఱును చిత్రకారులే. మాంతెన్యాయు, జొవాన్నీయు గెత్సేమనే తోటలో ప్రభువు ప్రార్థించుట నెవరికివారు వ్రాసిరి. ఆ రెండును నేడొకే గ్యాలరీలో నున్నవి గనుక ఒకరినుండి యొకరేమి తీసికొనిరో పోల్చి చూడవచ్చును. బెల్లీని 1516లో మరణించెను. 1506లో వెనీసునుండి వ్రాసిన జాబులో డ్యూరర్, ఆయన మిక్కిలి వృద్ధుడయ్యెనుగాని చిత్రకళలో నిప్పటికిని ఆయనయే మేటియని మెచ్చుకొనెను. బాల్యమున ఆయనవద్ద నేర్చిన తిత్సియానో పిదప గురువును మించిన ఖ్యాతి గాంచెను. బెల్లీని పనిశాలలో మరియమాత చిత్రములు బహుళముగా తయారగుచుండెను. ఒక్క నమూనాకాగితమును సూదితో పొడిచి, బొగ్గుపొడి యద్ది, మఱియొక పలకపైకి దించుకొనుట వారికి నిత్యకృత్యము. మన ఇండ్ల ముంగిట కొందఱు చిల్లుల డబ్బాలతో ముగ్గుపిండి దించుటయు అట్టి యుపాయమే.

ఇప్పుడు పని. మొదటి దినమున పెన్సిలు ముట్టకూడదు. పటమును చూచి, కనబడినదెల్ల మాటలలో వ్రాయవలయును. "అమ్మ కూర్చుండియున్నది" యని వ్రాసిన చాలదు. మోకాళ్ళెక్కడ? భార మెక్కడ పడుచున్నది? వెలుగెటునుండి వచ్చుచున్నది? ఇట్లు వ్రాయించినపుడు మా విద్యార్థులలో మంచి చేయిగలవారు విసుగుకొందురు. కాని వారికే యిది యెక్కువ యవసరము. చేతి చాతుర్యము కలవాడు చూడకయే గీయుటకు త్వరపడును.

రెండవది, గళ్ళులేకుండ చేతి యంచనాతో నొక్కసారి గీయుట. అది వంకరగా వచ్చును, రానిండు. పిమ్మట మూలమునకును కాగితమునకును సమానమైన గళ్ళు గీసి మరల గీయవలయును. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచిన యెడల ఎవని కన్ను ఎటు మోసపోవునో వానికే తెలియును. దాదాపు అందఱును తల పెద్దదిగాను, శరీరము చిన్నదిగాను గీయుదురు. పలుచని కాగితము వేసి అచ్చుగా దించుట మాత్రము ఈ పాఠములో మేము సమ్మతింపము. బెల్లీని శిష్యులు దించిరి గదా యనవచ్చును; వారు అంతకుముందే ఏండ్ల తరబడి గీసినవారు.

ఈ చిత్రములోనెల్ల కష్టమైనవి మరియమ్మ చేతులు. మేము నమస్కరించునట్లు అరచేతులు అతుక్కొనియున్నవని అనుకొని, పిల్లలు వాటిని మూసిన పుస్తకమువలె గీసెదరు. శ్రద్ధగా చూడుడు. వ్రేళ్ళ కొనలు మాత్రము తాకీ తాకనట్లు కలిసికొనుచున్నవి. అరచేతుల నడుమ ఖాళీ యున్నది. ఆ ఖాళీకొక యాకారము గలదు, చిన్న గుడారము వంటిది. చేతులను గీయ యత్నింపక, ఆ ఖాళీని గీయుడు. ఆ ఖాళీ సరిగా వచ్చెనా, చేతులు వాటంతటవే వచ్చును. పటమును తలక్రిందులుగా నిలిపి గీయుటయు మంచి యుపాయమే. అప్పుడు "చేయి" అను పేరు మరపునకు వచ్చి, ఆకారము మాత్రము కంటికి నిలుచును. గుడారమువలెనున్న ఆ చేతులును, పైవస్త్రముతో కొండవలె నిలిచిన తల్లి రూపమును ఒక దానికొకటి ప్రతిధ్వనులని గీయుచుండగా తెలిసికొనిన బాలుడు పిదప ఏ చిత్రమునైనను అట్లే వెదకును.

తరువాత శిశువు. ఇచ్చట జరుగు తప్పు మఱియొక విధమైనది. నిద్రించు బాలుని గీయుమనిన, పిల్లలు ముద్దుగా ముడుచుకొని పడుకొనిన పసివానిని గీయుదురు. పెదవులపై చిఱునవ్వు గూడ చేర్చుదురు. బెల్లీని అట్లు వ్రాయలేదు. ఆ శిశువు శరీరము చాచుకొని, బరువుగా, పట్టు సడలి యొడిలో పడియున్నది. ఎందుకట్లు? వెనీసు నగరములోని అకాడెమియా చిత్రశాలలో ఈయనయే కొలది సంవత్సరముల వ్యవధిలో వ్రాసిన యింకొక చిత్రము కలదు. అందులోను తల్లి నేలపైననే, పచ్చికలోనే కూర్చుండియున్నది, వెనుక పట్టణమున్నది, ఆమె యొడిలో సిలువనుండి దింపబడిన కుమారుడున్నాడు. రెంటిని ప్రక్కప్రక్కన చూచినవారికి శిశువు నిద్ర యెట్టిదో వేఱుగ చెప్ప నక్కఱలేదు. పాముతో పోరాడు తెల్లని పక్షియు, మోడుపై కాచుకొనియున్న నల్లని పక్షియు అప్పుడు ఊరక వ్రాసినవి గావని తోచును. ముద్దుగా సరిదిద్దినవాడు చిత్రమును తేలిక చేసినవాడగును. ఈ సంగతి యుపన్యాసముగా చెప్పిన విద్యార్థులు తల లూపెదరు, నాలుగుసార్లు తుడిచి గీసిన పిమ్మట "అయ్యా, ఈ బిడ్డ చేయి యిట్లేల పడియున్నది?" అని వారే యడిగెదరు. అట్లడిగిన దినమున మా పని సగము ముగిసినట్లే.

రంగుల విషయము. బెల్లీని కాలమున ఇటలీలో పాతపద్ధతి గ్రుడ్డుపచ్చసొనతో రంగులు కలుపుట. క్రొత్త పద్ధతి నూనెతో కలుపుట. ఈ చిత్రములో రెండును గలవని పరిశోధకులు తేల్చిరి. సొన తొందరగా నాఱును, అందుచే సన్నని గీతలు ప్రక్కప్రక్కన వేయవలయును. నూనె నెమ్మదిగా నాఱును, అందుచే వెలుగును నీడయు ఒకదానిలోనొకటి కరుగునట్లు చేయవచ్చును. ఇందు కన్ని నూనెలును పనికిరావు. అవిసెనూనె, అక్రోటునూనె గాలి సోకిన గట్టిపడి పొరయగును. మన యింటి నువ్వులనూనెయు ఆముదమును అట్లు గట్టిపడవు, పటము జిడ్డుగానే యుండును. వెనుకటి చిత్రకారుల తెలుపు సీసపు తెలుపు; అది విషము. పిల్లల చేతికి దానిని ఇయ్యరాదు. దానికి మారుగా టైటానియము తెలుపు దొరకును. మా తరగతిలో నీటిరంగులతోనే పని నడుపుదుము.

నీలిరంగు కథ మాత్రము విడువలేము. ఆనాటి శ్రేష్ఠమైన నీలము ఆఫ్గనిస్తానములోని బదక్షాన్ కొండలలో దొరకు లాజవర్దు రాయినుండి వచ్చెడిది. ఆ రాయిని నూఱి, మైనము, గుగ్గిలము మొదలగువానితో ముద్దచేసి, బూడిదనీటిలో పిసికినయెడల నీలపు రేణువులు విడిపడి యడుగున దిగును. మొదటి పిసుకుడులో వచ్చినది మేలైనది. ఓడలపై వెనీసు రేవునకు చేరుటచేత దానికి "సముద్రమున కావలిది" అని యర్థమిచ్చు అల్ట్రామెరీన్ అను పేరు వచ్చెను. వెల మిక్కుటము, అందుచే దానిని మరియమాత వస్త్రమునకు వాడుట భక్తి కానుకగా నెంచబడెను. దీనిని కృత్రిమముగా చేయువానికి ఆఱువేల ఫ్రాంకుల బహుమాన మిత్తుమని 1824లో ఫ్రాన్సుదేశపు పరిశ్రమల సంఘమొకటి ప్రకటింపగా, 1828లో గిమే యనువాడు దానిని గెలుచుకొనెను. ఇప్పుడు తెల్లబట్టలను జాడించు నీటిలో మన తల్లులు కలుపు నీలిపొడి ముఖ్యముగా ఆ కృత్రిమ నీలమే. రాజులకును మఠములకును భారమైన రంగు బట్టలుతుకు రాతియొద్దకు వచ్చినది!

దానిని వేయుటకు చెన్నీని చెప్పిన మూడు గిన్నెల పద్ధతి నేటికిని పనికివచ్చును. ఒక గిన్నెలో నచ్చపు రంగు, రెండవదానిలో కొంచెము తెలుపు చేర్చినది, మూడవదానిలో నెక్కువ తెలుపు చేర్చినది. మడతల లోతున మొదటిది, నడుమ రెండవది, వెలుగుతాకు గట్టులపై మూడవది. నీడకై నలుపు కలుపవలదు. కలిపినచో వస్త్రము మసిగుడ్డయగును. అచ్చుపటములలో రంగులు ఒక్కొక్క ప్రతిలో నొక్కొక్క తీరుగ నుండునని గూడ మఱవరాదు. అచ్చునుండి అమరికయు వెలుగునీడలును నేర్చుకొనవచ్చును గాని నీలము ఎంత నీలమో నమ్మరాదు. మూలము సయితము కాలముచేత దెబ్బతినినదే; కొయ్యపలక చెడిపోవుటచే ఇరువదవ శతాబ్దములో రంగుపొరను దానినుండి వేఱుచేసి క్రొత్త యాధారమున కెక్కించిరి.

ఒక పెద్దమనిషి మాతో, "మరియమ్మకు చీర కట్టి, మన యూరి చెఱువును వెనుక పెట్టి వ్రాయించరాదా?" అనిరి. తప్పక వ్రాయించవచ్చును, ఆలోచన మంచిదే. బెల్లీనియు పాలస్తీనాను చూడక తన దేశపు పొలములనే వ్రాసెను. కాని అది రెండవ పని. చీరకుచ్చెళ్ళ బరువు తెలియని చేతికి చీర కట్టించిన, అది కాగితపు చీర యగును. మొదట మూలములోనున్న మడతలను ఉన్నవున్నట్లు వ్రాయనిండు. ముఖము తెల్లగా నున్నదనియో, కొండలు పరాయివనియో మార్పులు చేయ మొదలిడినచో, తనకు రాని చోటనెల్ల విద్యార్థి మార్పు పేర తప్పించుకొనును.

ప్రతి ముగిసిన పిమ్మట వెనుకవైపున "బెల్లీని చిత్రమును చూచి వ్రాసినది" అని వ్రాసి, క్రింద తన పేరు, తేదీ వేయవలయును. పారిసులోని లూవ్రు మ్యూజియములో చూచి వ్రాయ ననుమతి పొందువారు తమ ప్రతిని మూలముకంటె అయిదవవంతు చిన్నదిగానో పెద్దదిగానో చేయవలయునని నియమము. మూలములోని సంతకమును దించరాదు. మాయు తరగతిలో ఈ రెండు నియమములను పాటింతుము. ఇట్లు చేసినవానిని చూచి వ్రాసెనని యెవరును నిందింపజాలరు.

ఈ వేసవి సెలవులలో పనికై విద్యార్థులకు మేము రెండు సంగతులు చెప్పియున్నాము. పటమును బీరువాలో పెట్టి, వారము గడచిన పిమ్మట జ్ఞాపకమునుండి ఆ చేతులను మరల గీయవలయును. అది యయిన పిదప, ఇంటిలో పసిబిడ్డ తల్లి యొడిలో నిద్రించునపుడు దూరముగా కూర్చుండి, పది నిమిషములు దాటకుండ, తుడుపులేకుండ గీయవలయును. పొలమునకు పోవువారు పశువుల కాళ్ళయొద్ద తిరుగు తెల్లకొంగను చూడవచ్చును. అది మెడ ముడుచునపుడు ఆ వంపు ఎచ్చట మొదలై ఎచ్చట ముగియునో గీసి తెచ్చినవారి కాగితములను పాఠశాల తెఱచిన మొదటి వారమున గోడకు పెట్టుదుము. తలిదండ్రులును వచ్చి చూడవచ్చును.